ప్రభుత్వ లెక్కలు, వ్యాపార ప్రశ్నలు

వ్యాపార విశ్లేషణకు పనికొచ్చే బహిరంగ సమాచారంలో దాదాపు ఏదీ వ్యాపారి కోసం తయారైనది కాదు. మార్కెట్ యార్డులో సరుకు రాకను రాసేది సెస్సు వసూలు కోసం. వాహనాన్ని నమోదు చేసేది పన్ను కోసం. జనాభాను లెక్కించేది నియోజకవర్గాలకూ పథకాలకూ ప్రాతిపదిక కావాలి కాబట్టి. కంపెనీ ఏటా లెక్కలు దాఖలు చేసేది చట్టం అడుగుతుంది కాబట్టి. ఇలా వేరే పని మీద పుట్టిన అంకెను తీసుకొచ్చి, సరుకు ఎక్కడ కొనాలి, కొత్త దుకాణం ఏ ఊళ్లో తెరవాలి అని దాన్ని అడుగుతాడు వ్యాపార విశ్లేషకుడు. అంకె పుట్టిన పనికీ అడుగుతున్న ప్రశ్నకూ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించి, పూడ్చగలిగినంత పూడ్చి, పూడ్చలేనిది ఎంతో స్పష్టంగా చెప్పడమే సమాచార శుద్ధి. అక్షరదోషాలు దిద్దడం, ఖాళీ వరుసలు తీసేయడం అందులో చిన్న భాగం మాత్రమే.

కారం పొడి తయారుచేసే ఒక సంస్థను ఉదాహరణగా తీసుకుంటే ఈ పని స్వరూపం తెలుస్తుంది. ఆ సంస్థ ఎండుమిర్చిని గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల్లో కొంటుంది. పంట వస్తున్నప్పుడే కొని శీతల గిడ్డంగిలో దాచుకోవాలా, నెలనెలా కొనుక్కోవాలా అన్నది దాని ముందున్న ప్రశ్న. మిర్చి ధరలు ఎలా ఉన్నాయో చూద్దామని మొదలుపెడితే ఎంత సమాచారం పోగేసినా జవాబు రాదు. ఏ రకం మిర్చి, కొత్త కాయా శీతల గిడ్డంగిలోంచి వచ్చిన ఏసీ సరుకా, యార్డులో పలికిన ధరా మిల్లుకు చేరేసరికి పడే ధరా, ఎన్నేళ్ల వెనక్కి వెళ్లాలి అన్నవి సేకరణకు ముందే తేలాలి. అన్నిటికంటే ముందు తేలాల్సింది పట్టికలో ఒక్కో వరుస దేన్ని సూచిస్తుందన్నది. ఇక్కడ అది ఒక రోజు, ఒక యార్డు, ఒక రకం. ఈ నిర్ణయం రాసుకోకుండా మొదలైన పట్టికల్లో ఒక వరుస యార్డుదీ, దాని కింది వరుస జిల్లా మొత్తానిదీ అయి, కూడినప్పుడు ఒకే సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది.

మార్కెట్ ధరలకు మన దేశంలో పెద్ద వనరు ఆగ్‌మార్క్‌నెట్. కేంద్ర వ్యవసాయ శాఖ కింద పనిచేసే మార్కెటింగ్, తనిఖీ డైరెక్టరేట్ 2000లో దీన్ని ప్రారంభించింది. మార్కెట్ కమిటీలు రోజూ సరుకు రాక, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఇందులోకి పంపిస్తాయి. సరుకు టన్నుల్లో, ధర క్వింటాకు రూపాయల్లో ఉంటుంది. మోడల్ ధరను చాలామంది సగటు ధర అనుకుంటారు. నిజానికి అది ఆ రోజు ఎక్కువ సరుకు చేతులు మారిన ధర. ఈ తేడా ఎంత ఖరీదైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక రోజు 200 క్వింటాళ్లు వచ్చి మోడల్ ధర 18,000 రూపాయలు పలికిందనీ, మరో రోజు 1,800 క్వింటాళ్లు వచ్చి 14,000 పలికిందనీ అనుకుందాం. రెండు ధరలనూ కూడి సగం చేస్తే 16,000 వస్తుంది. సరుకు పరిమాణాన్ని కలుపుకొని లెక్కిస్తే 14,400. ఇదీ ఉజ్జాయింపే, కానీ కొనుగోలుదారు నిజంగా చెల్లించే డబ్బుకు దగ్గరగా ఉండేది ఇదే. క్వింటాకు 1,600 రూపాయల తేడా మీద ఏ మిల్లు లాభనష్టాలైనా తారుమారవుతాయి.

యార్డులో తిరిగేవాళ్లందరికీ తెలిసిన సంగతులు పట్టికలో కనిపించవు. గుంటూరులో తేజ, 334, 341, నంబర్ 5, బ్యాడిగి రకాలకు వేర్వేరు ధరలు. రంగు పోయి తెల్లబారిన తాలు కాయలకు ఇంకో ధర. పట్టికలో ఇవి ఒక్కోసారి విడివిడిగా ఉంటాయి, ఒక్కోసారి ఎండుమిర్చి అన్న ఒకే పేరు కింద కలిసిపోతాయి. అలా కలిసిన రోజు కనిష్ఠ ధర తాలుదీ గరిష్ఠ ధర మేలు రకానిదీ అయ్యుండవచ్చు. ఆ రెండింటి మధ్య అంతరం చూసి మార్కెట్ ఒడుదుడుకుల్లో ఉందని తేల్చడం పొరపాటు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా రకాన్ని కారం కోసం కంటే రంగు కోసం కొంటారు. దాని ధరను తేజ ధరతో కలిపి సగటు తీస్తే వచ్చేది ఏ సరుకు ధరా కాదు. గుంటూరులో సరుకు రాకను టిక్కీల్లో, అంటే బస్తాల్లో చెబుతారు. యార్డు ప్రకటనలో టిక్కీలు, పోర్టల్‌లో టన్నులు ఉన్నప్పుడు ఆ సీజన్‌లో బస్తా సగటు బరువెంతో యార్డు నుంచే తెలుసుకోవాలి, ఊహించి గుణించకూడదు. ఒక రోజు రాక ఉన్నట్టుండి సరిగ్గా పదింతలైతే క్వింటాళ్లను టన్నుల గడిలో వేశారేమోనని ముందు అనుమానించాలి.

ఖాళీ గడుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా ఎండాకాలంలో కొన్ని వారాలు సెలవులిస్తారు. ఆ రోజుల్లో ధర అనేదే లేదు. ధర లేకపోవడం వేరు, సరుకు రాక సున్నా కావడం వేరు, మార్కెట్ నడిచినా సిబ్బంది నమోదు చేయకపోవడం వేరు, నమోదు చేసినా సర్వర్‌కు చేరకపోవడం వేరు. కంప్యూటర్‌లో నాలుగూ ఒకే ఖాళీ గడిగా కనిపిస్తాయి. సెలవుకు ముందు రోజు ధరనూ తర్వాతి రోజు ధరనూ గీతతో కలిపి మధ్య రోజులకు ధరలు పుట్టించే సౌకర్యం ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఆ ధరకు ఒక్క బస్తా కూడా ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. అందుకే ధరల పట్టికకు తోడుగా మార్కెట్ క్యాలెండర్ ఒకటి తయారుచేసుకోవాలి. వారాంతాలు, పండుగలు, వేసవి సెలవులు, హమాలీల సమ్మెలు, 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ అందులో ఉండాలి. ఖాళీ గడిని ఆ క్యాలెండర్‌తో పోల్చి, కారణాన్ని పక్క గడిలో రాశాకే దాన్ని నింపాలా వద్దా అన్న మాట వస్తుంది.

సరుకు రాకను దిగుబడి అనుకోవడం ఇంకో పొరపాటు. సెస్సు సరుకు విలువ మీద పడుతుంది కనుక బిల్లు లేకుండా అమ్మాలన్న ఆశ కొందరికి ఎప్పుడూ ఉంటుంది. యార్డుల్లో దాన్ని జీరో వ్యాపారం అంటారు. ఆ సరుకు అధికారిక రాకలో ఉండదు. రైతు దగ్గరికే వెళ్లి మిల్లు కొన్న సరుకు కూడా కొన్నిసార్లు లెక్కకు రాదు. కనుక యార్డు రాక తగ్గితే పంటే తగ్గిందా, సరుకు వేరే దారి పట్టిందా, రైతులు మంచి ధర కోసం గిడ్డంగుల్లో దాచారా అన్నది ఆ పట్టిక ఒక్కటే చెప్పలేదు. వ్యవసాయ శాఖ ప్రకటించే సాగు విస్తీర్ణం, గిడ్డంగి నిల్వలు, వాణిజ్య శాఖ ప్రచురించే ఎగుమతుల లెక్కలు పక్కన పెట్టి చూడాలి. ఎగుమతుల పట్టికల్లో సరుకును కోడ్‌తో గుర్తిస్తారు. మిర్చికి 0904, పసుపుకు 0910. ఈ కోడ్‌లను సంఖ్యలుగా భావించి స్ప్రెడ్‌షీట్ ముందున్న సున్నాను మింగేస్తుంది, 0904 కాస్తా 904 అవుతుంది, తర్వాత ఏ పట్టికతోనూ కలవదు. కోడ్ అంకెలతో రాసిన పేరు మాత్రమే, దాన్ని కూడడం తీసివేయడం ఉండదు. కాబట్టి ఫైల్ తెరిచేటప్పుడే దాన్ని అక్షరాలుగా చదవమని చెప్పాలి.

సేకరణ మార్గాల గురించి కొంత చెప్పుకోవాలి. 2012లో కేంద్రం జాతీయ సమాచార భాగస్వామ్య విధానాన్ని ప్రకటించింది, దాని కింద డేటా.గవ్.ఇన్ పోర్టల్ వచ్చింది. 2017లో వచ్చిన ప్రభుత్వ బహిరంగ సమాచార లైసెన్సు, మూలాన్ని పేర్కొంటే వ్యాపారానికి కూడా ఈ సమాచారాన్ని వాడుకోనిస్తుంది. తెలంగాణకు సొంత బహిరంగ సమాచార పోర్టల్ ఉంది. ఎక్కడైతే ఫైల్‌ను నేరుగా దించుకోవచ్చో, లేదా ప్రోగ్రాముల కోసం ఉంచిన ఏపీఐ ద్వారా అడగవచ్చో, అక్కడ వెబ్ పేజీలను ప్రోగ్రాముతో గోకి తీయడం అనవసరం. అలా తీయక తప్పనప్పుడు ఆ సైట్ షరతులు చదవాలి, ప్రోగ్రాములు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో వద్దన్న భాగాల జోలికి పోకూడదు, రద్దీ లేని వేళల్లో విరామమిస్తూ అడగాలి. ప్రభుత్వ సర్వర్ మీద ఒక సంస్థ మోపే భారం అదే సమయంలో ధర చూసుకోవాలనుకునే రైతు మీద పడుతుంది. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థ నుంచి సమాచారం తీయడాన్ని 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ తప్పుగా పరిగణిస్తుంది. ఎక్కడా దొరకని సమాచారాన్ని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

దించుకున్న ఫైల్‌ను దించుకున్నట్టే భద్రపరచడం సేకరణలో అతి ముఖ్యమైన నియమం. తెచ్చిన తేదీ, చిరునామా పేరులోనే రాసి, ఆ ఫైల్‌ను ఇక ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. దిద్దుబాట్లన్నీ నకలు మీదే జరగాలి. దీనికి కారణం ఉంది. ప్రభుత్వ అంకెలు మారుతూ ఉంటాయి. టోకు ధరల సూచీ ముందు తాత్కాలికంగా, తర్వాత ఖరారుగా వస్తుంది. స్థూల దేశీయోత్పత్తి అంచనాలను పలుమార్లు సవరిస్తారు. జనవరిలో తీసుకున్న అంకె ఏప్రిల్‌లో అదే పేజీలో కనిపించకపోవచ్చు. పాత ఫైల్ లేకపోతే అప్పుడు తీసుకున్న వ్యాపార నిర్ణయం ఏ అంకె మీద నిలబడిందో చెప్పే దారి ఉండదు. సూచీల ఆధార సంవత్సరం మారడం ఇంకా పెద్ద మార్పు. టోకు ధరల సూచీకి 2004-05 బదులు 2011-12ను ఆధారంగా చేసిన కొత్త వరుసను 2017 మేలో విడుదల చేశారు. సరుకుల జాబితా, వాటి వాటాలు కూడా అప్పుడు మారాయి. రెండు వరుసలనూ చివర్లు కలిపి ఒకే గీతగా గీస్తే అతుకు దగ్గర లేని పతనమో లేని పెరుగుదలో కనిపిస్తుంది. పాత సూచీని కొత్త ఆధారానికి మార్చే అనుసంధాన గుణకంతో కలపాలి, కలిపిన చోటు చూపాలి.

శుద్ధిలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ తీసుకునేవి ఊళ్ల పేర్లు, జిల్లాల హద్దులు. తెలుగు రాష్ట్రాల విషయంలో ఇది మరీ క్లిష్టం. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు, సుమారు 8.46 కోట్ల జనాభా. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, అంటే 2011 ఖమ్మమూ ఆ తర్వాతి ఖమ్మమూ ఒకటి కావు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. తదుపరి లెక్కింపుకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కనుక జిల్లావారీ మార్కెట్ పరిమాణం అంచనా వేసే ప్రతి సంస్థా పాత హద్దుల జనాభాను కొత్త హద్దుల అమ్మకాలతో పోల్చాల్సిన స్థితిలో ఉంది.

వరంగల్ పేరు ఒక్కటి చాలు ఈ చిక్కు అర్థం కావడానికి. 2016కు ముందు పట్టికలో వరంగల్ అంటే పెద్ద ఉమ్మడి జిల్లా. 2016 తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు వచ్చాయి, ఉమ్మడి జిల్లాలోని మిగతా ప్రాంతాలు మరికొన్ని కొత్త జిల్లాల్లోకి వెళ్లాయి. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అనీ, రూరల్ జిల్లాకు వరంగల్ అనీ పేరు మార్చి, మండలాలనూ సర్దారు. పదిహేనేళ్ల పట్టికలో వరంగల్ అన్న ఒకే మాట మూడు వేర్వేరు భూభాగాలను సూచిస్తుంది. పేరు కలిసింది కదా అని గీత గీస్తే 2016లో అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. దీనికి ఒకటే మందు. జిల్లా స్థాయి వదిలేసి మండల స్థాయికి దిగాలి. మండలాల అంకెలు తీసుకుని, ఏ హద్దులు కావాలో ఆ హద్దులకు మళ్లీ కూడుకోవాలి. ఏ మండలం ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో తేదీలతో సహా చెప్పే అనుసంధాన పట్టిక ఒకసారి శ్రద్ధగా కడితే ఏళ్ల తరబడి పనికొస్తుంది. మండల స్థాయి అంకెలు దొరకనప్పుడు కొత్త జిల్లాలన్నిటినీ కలిపి పాత ఉమ్మడి జిల్లాగా చూపడమే నిజాయితీ. ఉమ్మడి జిల్లా అంకెను జనాభా నిష్పత్తిలో ముక్కలు చేసి కొత్త జిల్లాలకు పంచితే అది అంచనా అవుతుంది, దాని మీద అంచనా అని రాసి ఉండాలి.

పేర్లను నమ్మలేనప్పుడు కోడ్‌లను నమ్మవచ్చు, కానీ ఎవరి కోడో చూసుకోవాలి. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో రాష్ట్రం నుంచి గ్రామం దాకా అన్నిటికీ కోడ్‌లున్నాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 28, తెలంగాణకు 36, లద్దాఖ్‌కు 37. జీఎస్టీ నంబరులోని మొదటి రెండంకెల్లో తెలంగాణకు 36 అయినా, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఈ రెండు పట్టికలనూ రాష్ట్రం కోడ్ మీద కలిపితే తెలంగాణ చక్కగా కలుస్తుంది, అది చూసి అన్నీ కలిశాయన్న నమ్మకం కలుగుతుంది. విజయవాడ, విశాఖపట్నం వ్యాపారులు మాత్రం లద్దాఖ్ కింద చేరతారు. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడ్ తపాలా బట్వాడా కోసం పుట్టింది, జిల్లా హద్దులతో దానికి పని లేదు. పిన్‌కోడ్‌ను బట్టి జిల్లాను నిర్ణయించేటప్పుడు హద్దుల దగ్గర తప్పులు తప్పవు.

తేదీల్లో ఒక మాయ ఉంది. మన ప్రభుత్వ ఫైళ్లలో రోజు ముందు, నెల తర్వాత. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటర్ నెల ముందనుకుంటుంది. అప్పుడు ప్రతి నెలా 1 నుంచి 12 దాకా ఉన్న తేదీలు చప్పుడు లేకుండా తిరగబడతాయి. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. 13 నుంచి మాత్రం తేదీగా చదవలేక అక్షరాలుగా మిగులుతాయి. అక్షరాలుగా మిగిలినవి కంటికి కనిపించి దిద్దుకుంటారు. తిరగబడినవి కనిపించవు, మిర్చి సీజన్ ధరలు వానాకాలంలోకి చేరి విశ్లేషణను పాడుచేస్తాయి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో, పంట సంవత్సరం జులైలో మొదలవుతాయన్నది కూడా మరవకూడదు. 2022-23 అన్న మాట రెండు పట్టికల్లో రెండు కాలాలు.

తెలుగులో ఉన్న సమాచారానికి సొంత ఇబ్బందులున్నాయి. పాత పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్ల వంటి యూనికోడ్ కాని అక్షరాల్లో ఉంటాయి. చూడటానికి తెలుగే, నకలు తీస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. వాటిని మార్చే పరికరాలున్నాయి గాని ఒత్తులు, అంకెలు పాడవకుండా చూసుకోవాలి. యూనికోడ్‌లో ఉన్నా సమస్య పూర్తిగా పోదు. హైదరాబాద్ అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నమోదు చేయవచ్చు, ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగానూ చేయవచ్చు. వరంగల్ వంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కంటికి కనిపించని గుర్తొకటి కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. మనిషి కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు ఊళ్లు. పట్టికలు కలిపే ముందు యూనికోడ్ సాధారణీకరణ చేసి, కనిపించని గుర్తులు తొలగిస్తే ఈ బెడద పోతుంది. హన్మకొండ, హనుమకొండ వంటి వాటికి మాత్రం మనిషి చూసి ఒప్పుకున్న జాబితా తప్పదు. అక్షరాల పోలికను బట్టి దగ్గరి పేరును యంత్రం ఎంచుకునే పద్ధతిని సూచనగా వాడుకోవచ్చు, తీర్పుగా వాడకూడదు. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్నో ఉన్న నేలలో పేరు అక్షరాలా కలిసినా ఊరు వేరు కావచ్చు.

కంపెనీల సమాచారంలో ప్రతి కంపెనీకీ 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి అక్షరం స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైందో లేదో చెబుతుంది, తర్వాత ఐదంకెలు పరిశ్రమ, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు స్థాపించిన సంవత్సరం, మూడక్షరాలు కంపెనీ తరహా, ఆరంకెలు రిజిస్ట్రేషన్ సంఖ్య. ఇది జీవితకాలం మారదనుకోవడం తప్పు. షేర్లు మార్కెట్‌లో నమోదైతే మొదటి అక్షరం మారుతుంది. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ కంపెనీల సంఖ్యల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాల స్థానంలో తెలంగాణ అక్షరాలు వచ్చాయి. పాత పట్టికతో కొత్త పట్టికను పూర్తి సంఖ్య మీద కలిపితే ఎన్నో కంపెనీలు మూతపడి, అన్నే కొత్తవి పుట్టినట్టు కనిపిస్తుంది. స్థాపించిన సంవత్సరం, చివరి ఆరంకెలు, పేరు కలిపి చూస్తే అదే కంపెనీ అని తేలుతుంది. పైగా రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటే ఫ్యాక్టరీ ఉంటుందని లేదు. హైదరాబాద్ చిరునామా ఉన్న కంపెనీ ఉత్పత్తి అంతా విశాఖ తీరంలో జరుగుతుండవచ్చు.

పట్టికలో ఏముందో చూడటం కంటే ఏం లేదో చూడటం కష్టం. కేంద్రం నడిపే వాహన్ డ్యాష్‌బోర్డులో చాలా ఏళ్ల పాటు తెలంగాణ అంకెలు చేరలేదు. వాహన డీలర్ల సమాఖ్య నెలనెలా ఇచ్చే అమ్మకాల ప్రకటనలో ఆ రాష్ట్రాన్ని మినహాయించినట్టు కింద గమనిక ఉండేది. ఆ గమనిక చదవకుండా దక్షిణాదిలో ద్విచక్ర వాహనాల మార్కెట్‌ను అంచనా కట్టిన సంస్థ లెక్కలో హైదరాబాదే ఉండదు. దేశం మొత్తం అని రాసి ఉన్న ప్రతి పట్టికలోనూ రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవడం కొన్ని నిమిషాల పని.

సమాచారాన్ని ఇలా అనుమానంతో పరీక్షించడానికి ఒక శాస్త్రీయ సంప్రదాయం ఉంది, అందులో తెలుగువారికి గర్వకారణమైన భాగమూ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో దశాబ్దాలు పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు, 1945లో తన పేరు మీద నిలిచిన అసమానతను ప్రచురించిన గణాంకవేత్త. 2023లో కన్నుమూశారు. రామానుజన్ స్మారక ఉపన్యాసాల నుంచి రూపొందిన ఆయన పుస్తకం స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్‌లో, సమాచారాన్ని విశ్లేషించే ముందు సాక్షిని అడిగినట్టు అడ్డు ప్రశ్నలు వేయాలన్న ఆలోచనకు పెద్ద చోటుంది. 1947 నాటి ఒక సంఘటనను ఆయన అందులో వివరించారు. దేశ విభజన అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో వేలాది మంది శరణార్థులు తలదాచుకున్నారు. వాళ్లకు తిండి సరఫరా చేసే కాంట్రాక్టర్ల బిల్లులు అనుమానాస్పదంగా పెరిగిపోయాయి. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే వీలు లేదు. గణాంకవేత్తల చేతికి వచ్చినవి ఆ బిల్లులే. వినియోగ సర్వేల వల్ల మనిషికి రోజుకు సగటున ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో తెలుసు. గణాంకవేత్త జె.ఎం. సేన్‌గుప్తా సూచించిన పద్ధతి ప్రకారం మొత్తం సరుకును తలసరి వాడకంతో భాగించారు. బియ్యం, పప్పు, ఉప్పు మూడూ మూడు జనాభాలు చెప్పాయి. ఉప్పు చెప్పిన జనాభా అన్నిటికంటే తక్కువ. ఉప్పు కారుచవక కాబట్టి దాని బిల్లును పెంచి రాయడం వల్ల ఎవరికీ లాభం లేదు. అందుకే ఉప్పు ఆధారంగా వచ్చిన సంఖ్యనే తీసుకున్నారు. జనసంఖ్య తెలిసిన చిన్న శిబిరమైన హుమాయూన్ సమాధి దగ్గర అదే పద్ధతిని పరీక్షిస్తే దగ్గరి జవాబే వచ్చింది.

వ్యాపార సమాచారంలో కూడా ఉప్పు పాత్ర పోషించే అంకెను వెతకాలి. ఏ అంకెను పెంచితే ఎవరికి లాభం, తగ్గిస్తే ఎవరికి లాభం అని అడిగి, ఎవరికీ లాభం లేని అంకెతో మిగతావాటిని సరిపోల్చాలి. సెస్సుకు ఆధారమైన సరుకు విలువను తగ్గించి చూపే కారణం ఉంది, యార్డు గేటు దగ్గర లారీల రాకకు అంత కారణం లేదు. మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ ఇంకో పద్ధతినీ ఇచ్చింది. ఒకే ప్రాంతాన్ని రెండు వేర్వేరు బృందాలతో విడివిడిగా సర్వే చేయించి, రెండు జవాబుల తేడాను బట్టి కొలతలో ఎంత దోషం ఉందో తెలుసుకోవడం ఆయన అలవాటు. ఇవాళ శుద్ధి చేసే పనికీ అది వర్తిస్తుంది. ఒకే ముడి ఫైల్‌ను ఇద్దరికి విడిగా ఇచ్చి, ఇద్దరి మొత్తాలూ పోల్చితే, తేడా వచ్చిన చోటల్లా రాయకుండా వదిలేసిన ఒక నిర్ణయం బయటపడుతుంది. ఇద్దరి అవసరం లేని పరీక్షలూ ఉన్నాయి. జీఎస్టీ నంబరు చివరి అక్షరం టైపు తప్పులు పట్టుకునేందుకే ఉంది, దాన్ని సరిచూస్తే చాలా తప్పుడు నమోదులు అక్కడే ఆగిపోతాయి.

సర్వే సమాచారానికి ఒక షరతుంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో తలసరి నెలసరి ఖర్చు గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. కుటుంబాలవారీ ఫైల్‌ను దించుకుని నేరుగా సగటు తీస్తే ఈ అంకెలు రావు. ఎంపికైన ఒక్కో కుటుంబం వేర్వేరు సంఖ్యలో కుటుంబాలకు ప్రతినిధి, ఆ గుణకాన్ని కలుపుకుంటేనే సగటు సరిగ్గా వస్తుంది. అధికారిక అంకెను మళ్లీ రాబట్టగలిగాకే ఆ ఫైల్‌తో కొత్త ప్రశ్నలకు వెళ్లడం మంచి క్రమశిక్షణ. ఆ సర్వేలో ప్రశ్నలడిగే తీరు 2011-12 కంటే మారింది కాబట్టి రెండింటి మధ్య పెరుగుదలంతా ఖర్చు పెరుగుదల అనలేము. జిల్లా స్థాయిలో చిన్న నమూనాల మీద పెద్ద తీర్మానాలు కూడా చేయకూడదు.

బహిరంగంగా దొరికింది కదా అని వ్యక్తుల వివరాలు పోగేయడం సరికాదు. చట్టం ప్రకారం బహిరంగమైన వ్యక్తిగత సమాచారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మినహాయింపు ఇచ్చింది. అయినా ఒంటరి యజమాని నడిపే దుకాణం జీఎస్టీ నంబరులో ఆ మనిషి పాన్ ఉంటుంది. రైతులవారీ చెల్లింపుల పట్టికలో ఒక కుటుంబం ఆదాయం ఉంటుంది. కొనుగోలు నిర్ణయానికి మండలం మొత్తం చాలినప్పుడు మనిషి వరుసను దాచుకోవాల్సిన పని లేదు, కూడిన వెంటనే తొలగించాలి.

శుద్ధి చేసిన పట్టికతో పాటు నిర్ణయాల పుస్తకం ఒకటి ఉండాలి. ఏ తేదీన ఏ ఫైల్‌లో ఎన్ని వరుసలు వచ్చాయి, ఎన్ని తీసేశారు, ఎందుకు తీసేశారు, ఏ ఖాళీని దేనితో నింపారు, ఏ అసాధారణ ధరను అసాధారణమైనా నిజమేనని ఉంచారు అన్నవి అందులో రాయాలి. మిర్చి ధర ఒక్క వారంలో సగమైతే అది టైపు తప్పూ కావచ్చు, వానకు తడిసిన సరుకూ కావచ్చు. ఆ వారం పత్రికలు చూసి, యార్డులో కమీషన్ ఏజెంటును అడిగి తేల్చాల్సిందే గాని, సగటుకు దూరంగా ఉందన్న ఒక్క కారణంతో తీసేయకూడదు. వ్యాపారానికి అలాంటి వారాలే ముఖ్యం. ఈ పనంతా చేతితో కాక ప్రోగ్రాముతో చేస్తే వచ్చే నెల కొత్త ఫైల్‌కు అవే అడుగులు మళ్లీ వేయవచ్చు, పొరపాటు బయటపడితే మొదటి నుంచి తిరిగి నడపవచ్చు. వరుసల సంఖ్య, మొత్తం రాక, కనిష్ఠ గరిష్ఠ ధరలు గత నెలతో పోల్చి తేడా పరిధి దాటితే ప్రోగ్రాము ఆగిపోయేలా రాసుకోవాలి. మూలంలోనే తప్పుందని రుజువైనప్పుడు, రోజు, రకం, రాసిన అంకె, ఉండాల్సిన అంకె వివరాలతో మార్కెట్ కమిటీ కార్యదర్శికి తెలియజేయాలి. అక్కడ దిద్దితే తర్వాత అదే పట్టికను తీసుకునే రైతుకూ, వ్యాపారికీ, పరిశోధకుడికీ దిద్దిన అంకే దొరుకుతుంది.